చెవికి నోటీసు

మనిషికి చెవులు రెండే అయినా వాటిలో పడే చప్పుళ్లకు లెక్క లేదు. అలాంటి చప్పుళ్లకు లెక్క రాసి, ఇది వ్యాపారం, ఇది సంసారం అని ఆరు నెలలపాటు విడదీసి చూపించినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. గొప్ప కోసం చెప్పడం లేదు. నాలుగు రిజిస్టర్లున్నాయి, ప్రతి పేజీకీ ఆఫీసు ముద్ర ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

నా పేరు నాంచారయ్య. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల మేస్త్రిని. నలభై ఏళ్లుగా అదే పని. ఇంజను విప్పకముందే జబ్బు చెబుతాడని నాకు పేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుంటే చాలు, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో, ఏ టాపెట్టు వదులైందో తెలిసిపోయేది. ఆ విద్యే నా చెవులు తినేసింది. యాభై రెండో ఏట కుడి చెవి, మరుసటేడు ఎడమ చెవి మూతపడ్డాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఇంజన్లను చేత్తో తడిమి జబ్బు చెప్పాను. ఇంట్లో మా ఆవిడ తిరుపతమ్మ చెప్పేవాటికి తల ఊపి బతికాను.

తిరుపతమ్మకు మాట్లాడటం అంటే అన్నం తినడంతో సమానం. నాకు చెవుడొచ్చాక కూడా మానలేదు. "గోడకి చెప్పేకంటే నీకు చెప్పటం నయం, నువ్వు తలన్నా ఊపుతావు" అనేదట. అలా అనేదని నాకు చెవి వచ్చాక తెలిసింది.

పోయినేడు చిట్టీ పాడి, లక్షా డెబ్బై వేలు పోసి చెవి మిషను కొన్నాను. డాక్టరు రెండు చెవులకూ పెట్టుకోమన్నాడు గానీ చిట్టీ డబ్బు కుడి చెవికే సరిపోయింది. మిషను పెట్టుకుని ఇంటికొచ్చేసరికి తిరుపతమ్మ బియ్యం ఏరుతూ ఎవరినో తిడుతోంది. ఎనిమిదేళ్ల తర్వాత విన్నాను ఆ గొంతు. కాస్త బొంగురుపోయింది. ఆ మాటే అంటే, "ఎనిమిదేళ్లు ఒక్కదాన్నే ఇద్దరి మాటలూ మాట్టాడితే పోదా మరి?" అంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ మా షెడ్డు లెక్కలు చూసే ఆడిటరు శేషగిరి ఉన్నాడు. నా చెవి చూడగానే ఆయనకు ఆలోచన వచ్చింది.

"మేస్త్రీ, నీకు చెవే పనిముట్టు. స్పానర్లకి పన్నులో రాయితీ ఉన్నప్పుడు చెవి మిషనుకెందుకుండదు?" అన్నాడు.

"చెవి షెడ్డులో వదిలేసి రాను గదా శేషగిరీ, ఇంటిక్కూడా తెస్తాను" అన్నాను.

"నువ్వు తెచ్చుకో. కాగితం మీద మాత్రం షెడ్డులోనే ఉంటది" అని, ఆ ఏటి లెక్కల్లో 'ఇంజను శబ్ద పరీక్షా పరికరము — ఒకటి' అని రాశాడు. నేను సంతకం పెట్టాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు.

నలభై రోజులకు నోటీసు వచ్చింది. అది వచ్చింది పన్నుల ఆఫీసులో ఉన్న ఉమ్మడి వాడకపు పరికరాల విభాగం నుంచి. వ్యాపారానికీ, సొంతానికీ రెంటికీ వాడే వస్తువుల అంతు తేల్చడం ఆ విభాగం పని. "సదరు పరికరము ద్వారా తమరు వ్యాపారేతర శబ్దములను సైతం ఆలకించుచున్నట్లు ఈ కార్యాలయమునకు అనుమానము కలిగినందున, తమ చెవితో సహా హాజరు కావలెను" అని ఉంది. చెవి లేకుండా ఎలా వెళ్లాలో తెలియక, శేషగిరిని వెంటబెట్టుకుని దానితోనే వెళ్లాను.

ఆ విభాగానికి అధికారి సదాశివమూర్తిగారు. బల్ల మీద ఫైళ్లు, ఫైళ్ల మీద బరువుకు ఇత్తడి నంది. వెనక ఇనప బీరువా. అందులో విచారణలో ఉన్న సామాన్లు పెడతారని తర్వాత తెలిసింది. ఆయన నన్ను చూడలేదు, నా కుడి చెవిని చూశారు.

"ఈ పరికరం తీసేస్తే మీకేం వినబడుతుంది?"

"ఏమీ వినబడదండీ."

"పెట్టుకుంటే?"

"అన్నీ వినబడతాయండీ."

ఆయన పెన్ను కింద పెట్టారు. "అన్నీ! చూశారా శేషగిరిగారూ, అసెసీ స్వయంగా అంగీకరించారు. విచక్షణ అనేది లేకుండా వింటున్నారు." అసెసీ అంటే పన్ను కట్టేవాడు, అంటే నేను.

"చెవికి తలుపుండదు గదండీ" అన్నాను.

"తలుపు ఏర్పాటు చేసుకోవలసిన బాధ్యత పన్ను చెల్లింపుదారుదే. ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ భార్యగారు కాఫీ తాగుతారా అని అడిగారు. ఆ ప్రశ్నను ఆలకించడం వల్ల మీ వ్యాపారానికి ఒనగూడిన ప్రయోజనం ఏమిటి?"

"కాఫీ వస్తుందండీ."

"అది సేవనం. మనం మాట్లాడుకుంటున్నది శ్రవణం గురించి" అన్నారాయన చాలా ఓపిగ్గా.

శేషగిరి మధ్యలో దూరాడు. కూరగాయల బేరంలాగే సాగింది. వాళ్లు సగం సగం అన్నారు, ఈయన తొంభై అన్నాడు, చివరికి వ్యాపారానికి ఎనభై, సొంతానికి ఇరవై దగ్గర తెగింది. మనిషి మెలకువగా ఉండేది పదహారు గంటలు గనక, అందులో ఇరవై శాతం, అంటే రోజుకు మూడు గంటల పన్నెండు నిమిషాలు నేను సొంతానికి వినవచ్చు. అది దాటితే నేరం. ఆధారంగా ప్రతి చప్పుడూ రిజిస్టరులో రాయాలి. సమయం, శబ్దం, అది వచ్చిన చోటు, దాని స్వభావం. ఇంటికి వచ్చేటప్పుడు శేషగిరి గెలిచినట్టే మాట్లాడాడు.

నేను కంపెనీ మాన్యువల్ చూసి బోల్టు బిగించేవాణ్ణి. నియమం అంటే నియమమే. మర్నాడు పొద్దున్నే రిజిస్టరు తెరిచాను. అయిదూ నలభైకి కాకి, పక్కింటి కొబ్బరిచెట్టు, సొంతం. అయిదూ యాభై రెండుకు పాలబ్బాయి హారను, సొంతం. కానీ వాడి బండి ప్లగ్గు కొట్టుకుంటోంది, అది రెండు సెకన్లు వ్యాపారం. ఆరుంబావుకు మా వంటింట్లో కుక్కరు మూడు విజిళ్లు వేసింది. మొదటి రెండూ సొంతం. మూడోది సన్నగా, పక్కకు వచ్చింది. వాల్వు అరిగిందన్నమాట. వ్యాపారం అని రాశాను.

సదాశివమూర్తిగారు ఆ పేజీ చూసి ఎంత ఆనందించారంటే, దాన్ని 'మూడవ విజిలు సూత్రం' పేరుతో అన్ని విభాగాలకూ సర్క్యులరుగా పంపించారు. కానీ పై ఆఫీసు నుంచి ఒక సందేహం వచ్చింది. విన్నవాడే రాస్తే నమ్మేదెలా? వినేవాడికి పక్కన ఒక చూసేవాడు ఉండాలి గదా?

అలా మా ఇంటికి ఇన్‌స్పెక్టరు పరాంకుశంగారు వచ్చారు. చేతిలో స్టూలు, మెడలో స్టాప్‌వాచీ, చంకలో రెండు జెండాలు. వాళ్ల నాన్నగారు రైల్వేలో గార్డు చేశారట, ఆ జెండాలే ఇవి. పచ్చజెండా ఊపితే వ్యాపారం, నేను వినొచ్చు. ఎర్రజెండా ఎత్తితే సొంతం, గంటలు మిగలకపోతే వెంటనే మిషను ఆపెయ్యాలి. ఆయన చెడ్డవాడు కాదు. అంత నిజాయితీపరుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు, అదే వచ్చిన చిక్కు. మొదటి వారం మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. రెండో వారం తిరుపతమ్మ గోంగూర పచ్చడి నూరిన రోజున మెత్తబడ్డారు. అప్పుడు కూడా ముందు 'భుజించు సమయమున విధిలో లేను' అని రాసి, సంతకం పెట్టి, ఆ తర్వాతే కంచం ముందు కూర్చున్నారు.

ఇక్కడే నా బతుకు అడ్డం తిరిగింది. కాకి అరవడం మొదలుపెట్టిన అయిదూ నలభైకి నా సొంత టైము నడవడం మొదలయ్యేది. కాకి, పాలబ్బాయి, పక్కింటి టీవీ, వీధి చివర కల్యాణమండపం మైకు, ఎవరిదో పెంపుడు కుక్క, ఇలా ఒక్క నిమిషం ఖాళీ లేకుండా ఎనిమిదీ యాభై రెండుకు ఖర్చయిపోయేది. అప్పుడు పరాంకుశంగారు మిషను తీసి చిన్న గుడ్డసంచిలో వేసి, లక్కతో సీలు వేసేవారు. షెడ్డు గుమ్మంలో సీలు విప్పేవారు. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు మళ్లీ సీలు. వినక్కర్లేనివన్నీ విన్నాక, వినాలనుకున్నదానికి టైము మిగిలేది కాదు.

పొద్దున తిరుపతమ్మకు వంటపని. సాయంత్రం ఆమెకు తీరిక, నాకూ తీరిక. అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టేది. నా చెవి సంచిలో ఉండేది. నేను మళ్లీ తల ఊపేవాణ్ణి. మూడో వారంలో ఒకరోజు ఆమె మధ్యలో ఆపేసి నా మొహం కేసి చూసింది. తల ఊపడంలోనే దొరికిపోయాను. లేచి లోపలికి వెళ్లిపోయింది. ఎనిమిదేళ్ల చెవుడులో కూడా అలా లేచి వెళ్లలేదు. లేనివాడికి లేకపోవడం ఒక ఎత్తు, వచ్చిందాన్ని లాక్కోవడం ఒక ఎత్తు. నాకు పన్ను మీదా, రాయితీ మీదా, శేషగిరి మీదా ఒకేసారి అసహ్యం పుట్టింది.

మర్నాడే ఆఫీసుకు పోయి సదాశివమూర్తిగారికి దణ్ణం పెట్టాను. "నాకు రాయితీ వద్దండీ. మొత్తం పన్ను కట్టేస్తాను. నా చెవి నాకు వదిలెయ్యండి."

ఆయన మొహం నల్లబడింది. "ఉపసంహరణా? నాంచారయ్యగారూ, ఉపసంహరణ అంటే మొదట చేసినది తప్పుడు క్లెయిము అని ఒప్పుకోవడం. తప్పుడు క్లెయిముకు మూలమైన వస్తువు సాక్ష్యం. సాక్ష్యం బీరువాలో ఉండాలి, అప్పీళ్లు పూర్తయ్యేవరకు."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"ప్రస్తుతానికి పదకొండేళ్ల క్రితంవి నడుస్తున్నాయి" అంటూ బీరువా తెరిచి చూపించారు. ఒక పురోహితుడిగారి సెల్‌ఫోను, ఒక సెలూను కుర్చీ తాలూకు తల ఆన్చుకునే దిండు, ఒక డాక్టరుగారి కళ్లజోడు ఉన్నాయి. కళ్లజోడు లేక డాక్టరుగారు వీళ్ల నోటీసు చదవలేకపోయారట. జవాబివ్వనందుకు ఆయనకు ఇంకో నోటీసు వెళ్లిందట. కళ్లజోడు పక్కన ఖాళీ చోటు ఉంది. అది నా మిషనుకు సరిగ్గా సరిపోయేటట్టు ఉంది. నేను కుడి చెవి చేత్తో మూసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి జరిగింది తిరుపతమ్మకు చెప్పాను. నాకు వినబడకపోయినా చెప్పడానికి అభ్యంతరం లేదు, నోరు ఇంకా విభాగం కిందికి రాలేదు. ఆమె అంతా విని పక్కకు తిరిగి పడుకుంది.

మర్నాడు పదకొండింటికి గొడుగు వేసుకుని షెడ్డుకొచ్చింది. లారీ ఓనర్లు కూర్చునే బల్ల మీద కూర్చుంది. మా షెడ్డులో ఒక పద్ధతుంది. ఏ బండి వచ్చినా ముందు జాబ్ కార్డు రాయాలి. బండి నంబరు, ఓనరు పేరు, ఓనరు చెప్పిన కంప్లైంటు, కింద సంతకం. కార్డు లేకుండా నేను బానెట్టు కూడా ఎత్తను. తిరుపతమ్మ బల్ల మీదున్న కార్డుల పుస్తకం లాక్కుని, ఏడో క్లాసు దాకా చదివిన చేత్తో నింపింది. బండి నంబరు దగ్గర మా ఇంటి డోరు నంబరు వేసింది. కంప్లైంటు దగ్గర 'మూడు వారాల నుంచీ మాట అందటల్లేదు' అని రాసింది. సంతకం పెట్టి, చింపి, పరాంకుశంగారి చేతికిచ్చింది.

"చూడండి బాబూ, ఇది సరిగ్గా ఉందా లేదా?"

ఆయన కార్డు వెనకా ముందూ తిప్పి చూశారు. సీరియల్ నంబరు ఉంది, సంతకం ఉంది, షెడ్డు పేరు అచ్చు ఉంది. నియమాల పుస్తకం తీసి రెండుసార్లు చదివారు. జాబ్ కార్డు కలిగిన ఓనరు చెప్పే కంప్లైంటు వ్యాపార శబ్దం అని స్పష్టంగా ఉంది. ఆ ఓనరు మేస్త్రికి భార్య కాకూడదని ఎక్కడా లేదు. ఆయన నిట్టూర్చి పచ్చజెండా ఊపారు.

తిరుపతమ్మ ముప్పావు గంట మాట్లాడింది. చల్లపల్లిలో వాళ్ల అక్క గేదె ఈనడం దగ్గర మొదలుపెట్టి మా మేడ మెట్లు పగుళ్లిచ్చిన సంగతి దాకా. నేను ఒక్క ముక్క వదలకుండా విన్నాను. పక్కన లారీ డ్రైవరు తన బండి సంగతి అడిగితే ఆగమన్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో కార్డుల పుస్తకం ఒకటి వంటింటి గూట్లో పెట్టుకుంది. నాలుగొందల పద్దెనిమిది, ఎడమ మోకాలు. నాలుగొందల పంతొమ్మిది, పక్కింటి శకుంతల. నాలుగొందల ఇరవై, పక్కింటి శకుంతల, మళ్లీ. కాఫీ తాగుతావా అని అడగడానికి కూడా కార్డే. పరాంకుశంగారు సాయంత్రాల్లో పచ్చజెండా ఊపి ఊపి చెయ్యి నొప్పెడుతోందంటే ఆయన భుజానికి ఆవనూనె ఇచ్చింది. దానికి మాత్రం కార్డు రాయలేదు.

ఇంట్లో ఇలా ఉంటే షెడ్డులో వేరే తమాషా నడుస్తోంది. లారీ డ్రైవర్లు వారాల తరబడి రోడ్ల మీద ఉండి వస్తారు. ఇంజను సంగతి రెండు నిమిషాలు, కడుపులో సంగతి రెండు గంటలు చెప్పుకుంటారు. "మేస్త్రీ, బండి పొగేస్తంది" అని మొదలుపెట్టి, "మా తమ్ముడు నాతో మాట్టాడటల్లేదు మేస్త్రీ" దగ్గర కళ్లు తుడుచుకుంటారు. పొగ దగ్గర పచ్చజెండా, కార్డులో లేని తమ్ముడి దగ్గర ఎర్రజెండా. ఎర్రజెండా ఎత్తేసరికి నేను మిషను ఆపేవాణ్ణి. పాపం, ఎదుటివాడికి ఏడుపు సగంలో ఆగిపోయేది. అయినా నా చెవిదాకా వచ్చినవన్నీ పరాంకుశంగారు నిజాయితీగా రాస్తూనే ఉన్నారు.

అయిదో నెలాఖరుకు లెక్క తేలింది. ఇంట్లో నేను విన్నవాటిలో నూటికి డెబ్బై ఒకటి వ్యాపారం. షెడ్డులో నా చెవినపడ్డవాటిలో నూటికి అరవై నాలుగు సొంతం.

ఆఫీసు దీన్నుంచి తీయవలసిన అర్థమే తీసింది. "సదరు గణాంకములను బట్టి అసెసీ నివాసముగా చూపుచున్నది వాస్తవమునకు వర్క్‌షాపు అనియు, వర్క్‌షాపుగా చూపుచున్నది నివాసము అనియు రూఢి అగుచున్నది" అని ఉత్తర్వు వచ్చింది. వారం తిరిగేసరికి ఇంటికి కరెంటు మీటరు మార్చి వ్యాపార రేటు వేశారు. పూజగది పక్కన ఇసక బకెట్లు వేలాడదీయమన్నారు. షెడ్డుకు వచ్చినవాళ్లు అక్కడ పొయ్యి, పడకగది ఎక్కడున్నాయని అడిగి, లేవంటే, నివాసానికి పనికిరాని చోట నివసిస్తున్నందుకు జరిమానా రాశారు. తిరుపతమ్మకు కస్టమరు హోదాలో ఒక ఫారం వచ్చింది, సేవలు తృప్తికరంగా ఉన్నాయా అని. ఆమె నిజమే రాసింది. "వింటన్నాడు గానీ చేసిన పని ఏమీ లేదు."

ఆ మాటతో నా కొంప మునిగింది. నూట పన్నెండు కార్డులు తీసుకుని, ఒక్కటీ రిపేరు చెయ్యకుండా, బిల్లు వెయ్యకుండా వదిలేశానట. దాన్ని ఆఫీసువారు 'ఉచిత శ్రవణం' అన్నారు. విచారణకు గురువారం పదకొండు గంటలకు సదాశివమూర్తిగారే మా ఇంటికి, అంటే వాళ్ల లెక్కలో వర్క్‌షాపుకు, వస్తున్నారని కబురొచ్చింది. లక్క, సీలు తెస్తున్నారని పరాంకుశంగారు చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన నా కళ్లలోకి చూడలేదు.

గురువారం పొద్దున తిరుపతమ్మ కార్డు రాయలేదు. నేను అరుగు మీద కూర్చుంటే వచ్చి పక్కన కూర్చుంది. "తీసుకుపోతే తీసుకుపోనీ. నేను గట్టిగా అరుస్తా" అంది. ఎర్రజెండా లేచింది గానీ నేను మిషను ఆపలేదు. పరాంకుశంగారు అది చూసి స్టూలు అటు తిప్పుకుని కూర్చున్నారు.

సరిగ్గా పదకొండుకు ఆఫీసు జీపు వచ్చి మా గుమ్మంలో ఆగింది. సదాశివమూర్తిగారు దిగారు. వెనకే గుమస్తా, గుడ్డసంచి, లక్క, కొవ్వొత్తి. శేషగిరి పరిగెత్తుకుంటూ వచ్చి చివరిసారిగా బతిమాలాడు. "అయ్యా, ఏదో ఒక అవకాశం ఇవ్వండి. మేస్త్రి చెవి నిజంగా పనిముట్టే. పరీక్ష పెట్టి చూడండి."

సదాశివమూర్తిగారు ఆలోచించారు. ఆయనకు పరీక్షలంటే ఇష్టం. "సరే. ఈ చెవి ఇన్నాళ్లలో కల్తీ లేని వ్యాపార శబ్దం ఒక్కటైనా విన్నదని నాకు నమ్మకం లేదు. ఒక్క శాతం కూడా సొంతం కలవని శబ్దాన్ని నా సమక్షంలో విని, జబ్బు చెప్పమనండి. అప్పుడు పునరాలోచిస్తాను."

"అంత కల్తీ లేని చప్పుడు ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాడు శేషగిరి.

ఆయన చిరునవ్వు నవ్వి జీపు కేసి చెయ్యి చూపించారు. "అదిగో. సర్కారు బండి. లాగ్‌బుక్కులో నాలుగేళ్ల నుంచీ సొంత వాడకం సున్నా. జిల్లా మొత్తం మీద ఇంతకు మించిన స్వచ్ఛమైన శబ్దం మీకు దొరకదు. పరాంకుశం, జెండాలు సిద్ధం చేసుకో."

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. నేను స్క్రూడ్రైవరు ఆనించి విన్నాను. ఇంజను లక్షణంగా ఉంది. క్లచ్ ప్లేటు మాత్రం చాలా అరిగింది. ఊళ్లమీద తనిఖీలకు తిరిగే బండికి అరిగేది కాదది, ఇరుకు సందుల్లో పది అడుగులకోసారి ఆగే బండికి అరిగేది. అది చెబుదామని నోరు తెరిచేలోపు ఇంకో చప్పుడు వినబడింది. ఇంజనుది కాదు. వెనక నుంచి వస్తోంది. బండి వణికినప్పుడల్లా, ఘల్లు. మళ్లీ ఘల్లు.

అంత పెద్ద మనిషి బండిలో ఏ బేరింగో పగిలిందని నాకు నిజంగా కంగారు పుట్టింది. వెనక్కి వెళ్లి, సీటు కింద చెయ్యి పెట్టి తడిమాను. ఎండిపోయిన కరివేపాకు రెబ్బ ఒకటి వచ్చింది. దాని వెనక మెత్తటి తోలు తగిలింది. లాగాను. చిన్నపిల్ల కాలికి కట్టుకునే నాట్యం గజ్జె. పైకెత్తి పట్టుకుంటే ఎండలో తళతళా మెరిసి, ఘల్లుఘల్లుమంది.

పరాంకుశంగారు ఎర్రజెండా ఎత్తారు.

కావాలని ఎత్తలేదు. చెవిలో సొంత చప్పుడు పడేసరికి ఆరు నెలల అలవాటు మీద చెయ్యి దానంతటదే లేచింది. ఎత్తాక చూసుకున్నారు. దించడానికి మాత్రం నిజాయితీ ఒప్పుకోలేదు. అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"హమ్మయ్య, దొరికిందాండీ! అమ్మాయిగారు నిన్న డాన్సు క్లాసు కాడ్నించీ ఏడుస్తన్నారు" అన్నాడు డ్రైవరు సంతోషంగా.

గుమస్తా చేతిలో కొవ్వొత్తి కారిపోతోంది. సదాశివమూర్తిగారు గజ్జెను చూశారు, జెండాను చూశారు, తర్వాత మొదటిసారిగా చెవిని కాకుండా నా మొహాన్ని చూశారు.

"నాంచారయ్యగారూ, మీకు అన్నీ సరిగ్గా వినబడుతున్నాయా?" అన్నారు మెల్లగా.

తిరుపతమ్మే జవాబు చెప్పింది. "బ్రహ్మాండంగా వినపడతన్నాయండి. లక్షా డెబ్బై వేలు పోశాం మరి."

ఆయన గజ్జె తీసుకుని జేబులో పెట్టుకున్నారు. జేబులో కూడా అది ఊరుకోలేదు. నడిచి జీపెక్కేవరకూ మోగుతూనే ఉంది, పరాంకుశంగారి జెండా లేచే ఉంది.

తొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. రిజిస్టరు పోస్టులో, నాలుగు ముద్రలతో. శేషగిరి చదివి వినిపించాడు.

"గురువారము ఉదయము పదకొండు గంటల పది నిమిషముల నుండి పదకొండు ఇరవై ఐదు వరకు అసెసీ ఆలకించిన శబ్దములు ఆలకించబడనివిగా భావించవలెను. అదే సమయమున అచ్చట హాజరై ఉన్న అధికారులకు సైతం ఎట్టి శబ్దము వినబడియుండలేదు. ఇన్‌స్పెక్టరు ఎత్తినది ఎండకు రంగు మారిన పచ్చజెండాగా నిర్ధారించడమైనది. పరికరమునకు నూటికి నూరు శాతము మినహాయింపు మంజూరు చేయడమైనది. ఇకపై సదరు చెవి విషయమై ఎట్టి ఉత్తరప్రత్యుత్తరములు అనుమతించబడవు."

మీటరు మళ్లీ మారింది, ఇసక బకెట్లు పట్టుకుపోయారు. పరాంకుశంగారిని రికార్డు రూముకు వేశారు. అక్కడ ఏ చప్పుడూ ఉండదట, జెండాలతో పని లేదట. వెళ్లేముందు వచ్చి తిరుపతమ్మ చేతి గోంగూర పచ్చడితో అన్నం తిన్నారు. ఆ పూట కాగితం మీద ఏమీ రాయలేదు.

నేను ఆ రోజు షెడ్డుకు పోలేదు. అరుగు మీద కూర్చుంటే తిరుపతమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తూ, కార్డు లేకుండా, జెండా లేకుండా మాట్లాడింది. ఏం మాట్లాడిందో చెప్పమంటే చెప్పలేను, అందులో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. నాకు మాత్రం అంత సుఖం ఇంకెప్పుడూ దొరకలేదు. కాసేపయ్యాక ఆమెకు ఆ ఉత్తర్వు గుర్తొచ్చింది.

"అంటే ఆ రోజు అక్కడున్న ఆఫీసర్లు ఎవరికీ ఆ గజ్జె చప్పుడు వినపడలేదా?"

"లేదనే రాశారు."

"అయ్యో పాపం! ఆ వయసులోనే అంత చెవుడేంటయ్యా? నీ మిషను కొన్న కొట్టు అడ్రసు రాసివ్వకపోయావా?"

రాసిద్దామనే అనుకున్నాను. శేషగిరి వద్దన్నాడు. ఆఫీసు పనికి వాళ్లకు చెవితో అవసరమే పడదు గనక, వాళ్ల విషయంలో ఆ మిషను మొత్తం సొంత వాడకం కిందికే వస్తుందట. పైసా రాయితీ రాదట.